అక్కచెల్లెళ్ళ పెట్టెలు

"ఆ ఎర్రగుడ్డలు విప్పొద్దురా," అన్నాడు శాంతయ్య మూడోసారి.

మేనల్లుడు ప్రేమానందం వినిపించుకోలేదు. నిచ్చెన మీద నిలబడి ముడి లాగుతూనే ఉన్నాడు. రేపటి నుంచి వీరరాఘవయ్యగారి ఎగ్జిబిషన్‌కు వాడే మేస్త్రీ. శాంతయ్యకు ఇవాళ్టితో సెలవు.

అది 1963. నందిగామలో ఎగ్జిబిషన్ వేసి నాలుగు రోజులైంది. అద్దాల గది, హంస పడవలు, గుర్రాల రంగులరాట్నం, అన్నీ శాంతయ్య నేల మీద సుద్దతో గీసి, దగ్గరుండి చేయించినవే. అన్నిటిలోకీ పెద్దది ఎనిమిది పెట్టెల నిలువు రాట్నం. పెట్టెకు నలుగురు కూర్చుంటే తాడిచెట్టంత ఎత్తుకు లేపుతుంది. దాని ఇరుసు మీద మాత్రం శాంతయ్య ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు. తనే చెక్కాడు.

ఇరవై రెండేళ్ళుగా అది తిరుగుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఎదురెదురుగా ఉన్న రెండు పెట్టెల్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

జగ్గయ్యపేటలో రాట్నం మొదటిసారి తిప్పిన మర్నాడే ఆ రెండు పెట్టెల తలుపులూ బిగించి ఎర్రగుడ్డలు కట్టేశాడు శాంతయ్య. అడిగినవాళ్ళకు గొంతు తగ్గించి చెప్పాడు. చెవిటికల్లు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు రాట్నం ఎక్కుదామని బయలుదేరి కృష్ణలో మునిగిపోయారట. కలలోకి వచ్చి, మా చోటు మాకుంచమని అడిగారట. ఒకరు పైకెళితే ఒకరు కిందికొస్తారు, ఎప్పటికీ కలవరు. అందుకే రాట్నం తిరిగేటప్పుడు అట్లా మూలుగుతుందట.

విన్నవాళ్ళకు ఒళ్ళు జలదరించింది. పక్క పెట్టెలకు జనం ఇంకా ఎగబడ్డారు.

ఆదివారం చర్చి తప్పని మనిషి, పాస్టరుగారు చీవాట్లు పెట్టినా ఈ ఒక్క విషయంలో మెట్టు దిగలేదు. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి, ఇరుసుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అక్కచెల్లెళ్ళతో మాట్లాడుతున్నాడని పనివాళ్ళు దూరంగా తప్పుకునేవారు. చందర్లపాడు, కంచికచర్ల, ఎగ్జిబిషన్ తొక్కని ఊరు లేదు. చెవిటికల్లుకు మాత్రం శాంతయ్య ససేమిరా అనేవాడు.

చిక్కంతా కిందటి నెల ప్రేమానందం పెళ్ళితో వచ్చింది. పెళ్ళికూతురు జయమణిది చెవిటికల్లు.

"మా ఊళ్ళో అట్టా ఎవరూ పోలేదు మావయ్యా," అంది జయమణి నిచ్చెన పట్టుకుని.

"నువ్వు పుట్టకముందు సంగతమ్మా."

"మా నాయనమ్మనే అడిగా. ఏట్లో పోయినోళ్ళ పేర్లన్నీ వేళ్ళ మీద చెప్పుద్ది. ఏ అక్కచెల్లెళ్ళూ లేరంది."

శాంతయ్య తలెత్తి మేనల్లుడి చేతుల్లో వదులవుతున్న ముడి వైపు చూశాడు.

"ఇన్నావుగా మావయ్యా! నీ భయం ఇవాళ్టితో వదిలిస్తా," అన్నాడు ప్రేమానందం. ఎర్రగుడ్డ జారి శాంతయ్య కాళ్ళ దగ్గర పడింది.

శాంతయ్యకు నిజంగానే భయం వేసింది.

నాలుగింటికి సన్మానం. రాట్నం ఎదురుగా బల్లలు కలిపి వేదిక వేశారు. వీరరాఘవయ్య శాలువా కప్పి మైకు అందుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళు! ఒక్క మేకు జారింది లేదు, ఒక్క మనిషికి దెబ్బ తగిలింది లేదు. శాంతయ్య లెక్క అంగుళం తప్పదండీ!"

చప్పట్లు మోగాయి. ఈ మాట కోసమే బతికాడు శాంతయ్య. పేరు తప్ప ఆయన కూడబెట్టుకున్నది ఇంకేమీ లేదు. ఈ చుట్టుపక్కల ఏ వడ్రంగినడిగినా శాంతయ్య శిష్యుణ్ణని ఛాతీ విరుచుకుని చెబుతాడు.

"ఆయన గౌరవార్థం ఇవాళ ఎనిమిది పెట్టెలూ నింపి తిప్పుతున్నాం!"

ఒక ఎర్రగుడ్డ పెట్టెలోకి జయమణి తన చుట్టాలు ముగ్గురితో ఎక్కింది. దాని ఎదురు పెట్టెలోకి ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కింది శాంతయ్య భార్య ఆరోగ్యమ్మ. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడడిగినా, టిక్కెట్టు కొన్నవాళ్ళకే చోటు లేదని దాటవేశాడు ఆయన.

"ఏమయ్యో, చూస్తన్నావా? ఇన్నాళ్ళకి నీ రాట్నం ఎక్కా!" అని అరిచింది సంబరంగా.

శాంతయ్య వీరరాఘవయ్య చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, ఆ రెండు పెట్టెలూ వద్దయ్యా."

"ఇంకా ఏం దయ్యాలయ్యా శాంతయ్యా! మీ ఆవిడే ఎక్కిందిగా."

"అక్కచెల్లెళ్ళు ఊరుకోరయ్యా!"

ఆ మాట మైకులో పడింది. జనం గొల్లుమన్నారు. ఇన్నేళ్ళు ఊళ్ళకు ఊళ్ళను వణికించిన కథకు ఇవాళ చంటిపిల్లలు కూడా భయపడలేదు.

ప్రేమానందం చెయ్యి ఊపాడు. తిప్పేవాళ్ళు నలుగురూ ఊచలు పట్టుకుని వేలాడారు. ముప్ఫై రెండు మందితో రాట్నం బరువుగా కదిలింది. మూలుగు మొదలైంది. ఇన్నేళ్ళూ చెవి ఆనించి విన్న మూలుగు కాదది. ఇరుసు పొట్టలోంచి వస్తున్నట్టుగా ఉంది.

"అక్కచెల్లెళ్ళు ఏడుస్తన్నారర్రా!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

ఆరోగ్యమ్మ పెట్టె అన్నిటికంటే పైకి చేరింది. అక్కడి నుంచి ఆవిడ మొగుడికి చెయ్యి ఊపింది.

శాంతయ్య వీరరాఘవయ్య వైపు చూశాడు. చప్పట్లు కొడుతున్న జనం వైపు చూశాడు. భుజాల మీది శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా మైకు లాక్కున్నాడు.

"ఆపండ్రా, మెల్లిగా దించండి, అక్కచెల్లెళ్ళు లేరు, ఎవరూ లేరు, ఆరు పెట్టెలు మోసే ఇరుసు చెక్కి ఎనిమిది పెట్టెలు తగిలించిన నా తప్పు కప్పుకోడానికి ఆళ్ళని పుట్టించింది నేనే!"