ఒక్క గంట బ్యాంకు పేరున

"ఫ్రిజ్ అడుగు బాబాయ్, కారు అడుగు. మధ్యాహ్నానికల్లా కొని నీకు అమ్ముతాం. ఆపరేషన్ని ఎలా కొనేది?"

జోర్డాన్‌లోని ఇర్బిద్ ఊళ్లో ఇస్లామిక్ బ్యాంకు మేనేజరు హాతిమ్ తల పట్టుకున్నాడు.

"మీ పిన్ని గుండెలో పెట్టే వాల్వు వస్తువే కదరా! అదే కొని అమ్ము," అన్నాడు టాక్సీ నడిపే ఘస్సాన్.

"అడిగి చూశాను. వడ్డీ లేకుండా ఇవ్వాలంటే ముందు అది మా సొత్తు కావాలి. ఒక్క గంటైనా బ్యాంకు పేరున ఉండాలి. ఆస్పత్రివాళ్లు కుదరదన్నారు."

"గంటేం ఖర్మ, ఆవిడ గుండె కొట్టుకున్నన్నాళ్లూ మీ పేరునే ఉంచుకోండి!"

హాతిమ్‌కి నవ్వు రాలేదు.

ఘస్సాన్ పాస్‌బుక్కు బల్లమీద పెట్టాడు. "వడ్డీ మన గడప తొక్కకూడదని ఇరవై రెండేళ్ల కిందట ఆవిడే తెరిపించిన ఖాతా. మూసెయ్. ఎదురు బ్యాంకువాళ్లు రేపే ఇస్తామన్నారు. వడ్డీకే."

"పిన్నికి తెలుసా?"

"తెలిస్తే, చస్తాను గానీ కోయించుకోనంటుంది. డబ్బు మీరే ఇస్తున్నారని చెప్పాను. నీకు ఫోన్ చేసి అడుగుతుంది. అవునంటావా?"

హాతిమ్ సొరుగులోంచి ఖాతా మూసే కాగితం తీసి ఘస్సాన్ ముందు పెట్టాడు.

"అంటాను బాబాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "కంటి ఆపరేషనప్పుడు మా అమ్మతోనూ ఈ బ్యాంకే ఇచ్చిందని చెప్పాను."