ఫ్లాటోళ్లు ఒప్పుకుంటేనే

"అమ్మా, జర తొందరగ రా" అని మాత్రం చెప్పి త్రివేణి ఫోన్ పెట్టేసింది. లింగమ్మ కట్టుకున్న చీరతోనే ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కి, నాచారంలో కూతురుండే అపార్ట్‌మెంట్ ముందు దిగింది.

గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉన్నది వాళ్ల గల్లీ దయాకరే. అతన్ని చూడగానే ఆమె ప్రాణం కుదుటపడింది.

"ఫ్లాటోళ్లు ఒప్పుకోవాలె అత్తా," అంటూ అతను త్రివేణి భర్తకు మెసేజ్ పెట్టాడు. జవాబు చూసి తల వంచుకున్నాడు. "వద్దన్నడు."

"నేనెవరో నీకు ఎర్కలేదా దయాకరూ? దాని పెండ్లిల నువ్వే గదా వడ్డించినవు."

"ఎర్కనే. కానీ ఏజెన్సీల సంతకం పెట్టిన. ఫ్లాటోళ్లు వద్దన్నంక పంపితే నౌకరి పోతది."

"నన్ను పంపకు. నువ్వన్న పోయి, నా బిడ్డ ఎట్లున్నదో సూసి రా."

దయాకర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"పొద్దుగాల సంచి పట్టుకొని ఇక్కడిదాకా వచ్చింది అత్తా. గేటు తియ్యమని చేతులు జోడించింది. అప్పుడు గూడ ఆయనకే మెసేజ్ పెట్టిన. వద్దనే జవాబొచ్చింది."

గొంతు తగ్గించి అన్నాడు.

"నేనే లిఫ్ట్ ఎక్కించి, ఇంట్ల దింపి వచ్చిన."