పక్క సీటు

ఆ ముసలాయన స్టీరింగు వైపు వెళ్ళలేదు. రెండో వైపు తలుపు దగ్గర నిలబడ్డాడు.

కారు సొంతదారు ఎవరిస్తోకు అర్థం కాలేదు. ఈ కారు చూడవచ్చిన ప్రతివాడూ ముందు స్టీరింగే పట్టుకున్నాడు.

"అమ్మేది ఇదేనా బాబూ?"

"అమ్ముతానో లేదో నాకే తెలీదు పెద్దాయనా."

అది నిజమే. యాభై ఏళ్ళనాటి తోరినో కారు. ఒకప్పుడు అర్జెంటీనా రోడ్లమీద దీన్ని దాటిన కారు లేదు.

"పదేళ్ళాగు, ధర మూడింతలవుతుంది," అంటాడు మెకానిక్ రుఫీనో. మర్నాడు అదే నోటితో, "ఈ కాలం పిల్లలకి పెట్రోలు వాసనే పడదు, ఇప్పుడే వదిలించుకో," అంటాడు.

ఇందులో నాన్న రేసుల్లో పాల్గొనేవాడని అమ్మ చెప్పేది. రుజువేమీ లేదు. ఎవరిస్తోకు రెండేళ్ళప్పుడే ఆయన పోయాడు. గొంతు ఎలా ఉండేదో కూడా తెలియదు.

తను తెలుసుకోవాలనుకుంటున్నది కారు విలువో, నాన్న నిజమో, ఎవరిస్తో తేల్చుకోలేకపోతున్నాడు.

ముసలాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి డాష్‌బోర్డు తడిమాడు.

"ఇక్కడ రెండు రంధ్రాలుండాలే?"

"పాతది తీయించేశాను. ఇది కొత్తది. రంగు కూడా పోయిన నెలే వేయించాం."

"అయ్యో! పాతది ఏం చేశావు?"

"పాత ఇనప సామాన్లవాడికి వేశాం."

ముసలాయన కొత్త డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

కారు కింద నుంచి రుఫీనో నవ్వాడు. "మొదలెట్టాడ్రా! ముందు వంక, తర్వాత బేరం."

ముసలాయన జేబులోంచి తుప్పు పట్టిన ఇనుప రింగు తీశాడు. దానికి రెండు చెవులు, చెవులకు మరలు బిగించే రంధ్రాలు.

"ఇది దీనిదే. ఒక్కసారి పక్క సీట్లో కూర్చోనిస్తే దీని సంగతి చెప్తాను."

"వద్దురా ఎవరిస్తో!" రుఫీనో అరిచాడు. "ఆదివారం సంతలో చూళ్ళేదూ? ప్రతి తుప్పు ముక్కకీ ఓ కథ చెప్పి అంటగడతారు."

"డబ్బేమీ వద్దు బాబూ."

"అలాగే అంటారు!"

ఎవరిస్తో చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంది. చేతిలో, టీలా కాచుకు తాగే మాతె ఆకు నింపిన సొరకాయ బుర్ర ఉంది. ఈ ఊళ్ళో గుమ్మంలోకి వచ్చిన మనిషికి మాతె అందించకపోతే, వెళ్ళమని చెప్పినట్టే.

ఎవరిస్తో నీళ్ళు పోసుకుని తనే తాగాడు.

ముసలాయన ఆ బుర్రను చూశాడు. రింగు జేబులో వేసుకున్నాడు.

"మీ నాన్నకి ఇందులో చక్కెర వేస్తే కోపం," అన్నాడు నెమ్మదిగా.

రుఫీనో కారు కింద నుంచి బయటికొచ్చి ఇంజను ఉరిమించాడు. ఆ చప్పుడులో ఎవరిస్తోకు పెదవుల కదలిక ఒకటే కనిపించింది.

ఇంజను ఆగేసరికి, ముసలాయన ఎక్కిన బస్సు వీధి చివర కదిలింది.

గంట తరవాత బ్వేనోస్ ఐరిస్ నుంచి లీదియా వచ్చింది. పాత రేసు కార్లు సేకరించే మనిషి. ఆమె కూడా స్టీరింగు వైపు చూడలేదు.

"డాష్‌బోర్డు మార్చేశారా?"

"కొత్తగా ఉంటే విలువ పెరుగుతుందని..."

"పాతదాని కోసమేనండీ నేనొచ్చింది. మీ నాన్నగారు రేసులో ఉన్న ఫొటో దొరికింది. అందులో నంబరు కనబడదు. డాష్‌బోర్డుకు ఏదో బిగించి ఉంది, దాని రెండు రంధ్రాలుంటే ఇదే కారని తేలిపోయేది. ఇక పక్క సీట్లో వెళ్ళిన మనిషే వచ్చి చెప్పాలి. బతికే ఉన్నాడంటారు గానీ, పేరు ఎవరికీ గుర్తులేదు."

"పక్క సీటా?"

"ఆ రోజుల్లో రేసుకి డ్రైవరు ఒక్కడే వెళ్ళేవాడు కాదు కదా."

ఎవరిస్తో ఫొటో అందుకున్నాడు.

నాన్న నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పక్క సీట్లోని కుర్రవాడు, డాష్‌బోర్డుకు బిగించిన ఇనుప రింగులోంచి మాతె బుర్ర తీసి ఆయనకు అందిస్తున్నాడు.