నకలు అడిగిన సెలవు

పదకొండేళ్లు నీళ్ల ఫిర్యాదుల ఫోన్లు ఎత్తి ఎత్తి అలిసిపోయిన వకుళకు డాక్టరు నెల రోజుల విశ్రాంతి రాశాడు. సెలవు పెట్టే అందరిలాగే ఆమె కూడా తన గొంతూ మనసూ పోసి కంప్యూటర్లో చేయించిన నకలును ఆఫీసులో కూర్చోబెట్టి వచ్చింది. మూడోనాటి మధ్యాహ్నం చాప మీద కన్ను మూతపడుతుండగా నకలు ఫోన్ చేసింది.

"అక్కా, పొద్దున్నుంచీ తిట్లే. తల దిమ్మెక్కిపోతోంది. ఒక్కపూట సెలవిప్పించవా?"

"నీకు తలెక్కడిదే?"

"నీదేగా అక్కా."

సరేనంటే ఆ పూట తనే వెళ్లి కూర్చోవాలి. సెలవడిగినప్పుడల్లా సూపర్‌వైజరు మేడమ్ తనతో అన్న మాటే వకుళ నోట మెత్తగా వచ్చింది.

"ఈ వారానికి ఎలాగో సర్దుకో తల్లీ."

ఇన్నేళ్లూ వకుళ అన్నట్టే, "అలాగే మేడమ్" అంది నకలు.