ఒక్కో పొయ్యి

"నీ చేతి వంట ఈ జన్మలో ముట్టను!" అంటూ అత్త గరిటె ఎత్తింది.

"ముట్టమని ఎవరు బతిమాలారు?" వంటగది మధ్యలో నిలబెట్టిన బట్టల బీరువా ఇవతల నుంచి కోడలు అందుకుంది.

గుమ్మంలో ఉన్న గ్యాస్ తనిఖీ గుమాస్తా ఒకడుగు వెనక్కి వేశాడు.

ఆ బీరువాను అత్తాకోడళ్ళు నిన్ననే ఆయాసపడుతూ ఈడ్చుకొచ్చారు. అటు అత్త పొయ్యి, ఇటు కోడలి కోసం అటక మీంచి దించిన తుప్పు పొయ్యి. కొత్త దంపతులున్న ఇళ్ళలో ఒక్కో పొయ్యికీ సర్కారు సగం ధరకే గ్యాస్ ఇస్తుందని మైకు బండి చెప్పిపోయింది మరి. రెండు పొయ్యిలైతే రెండు సిలిండర్లు. మిగిలే డబ్బుతో కోడలు ఆగిపోయిన నర్సు చదువు పూర్తి చేయాలి. ఆ ఆలోచన అత్తదే. వంటలు వేరని నమ్మించే పోట్లాట నేర్పిందీ ఆవిడే. అది ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

"మాకూ మాకూ మాటల్లేవు బాబూ," అత్త పొడి కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. "అయినా దీనికి వంటొస్తేగా? పొద్దున కూరలో దోసెడు ఉప్పు పోసింది!"

"మీరే కదా అత్తయ్యా, ఇంకాస్త వెయ్యమన్నారు!" అనేసి కోడలు నాలిక కరుచుకుంది.

గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ముట్టనన్నారు. ఉప్పు సంగతి ఎలా తెలిసింది?"

చదువు నీళ్ళపాలైనట్టేనని కోడలికి ఏడుపొచ్చింది.

"నిజం చెప్పండమ్మా. ఒక్క పొయ్యేనా?"

"రెండు! ఒట్టు, రెండు!" అంది అత్త.

"రెండైతే రాదు. పెద్దవాళ్ళతో కలిసుండే కొత్త జంటలకే ఇది. ఇంట్లో ఒక్కటే పొయ్యి ఉండాలి."

"మైకులో ఒక్కో పొయ్యికీ అన్నారుగా?"

"ఒక్క పొయ్యికే అన్నారు. మా మైకుకి కాస్త జలుబు."

అత్త గరిటె అవతల పడేసింది. "ఏం చూస్తున్నావే అమ్మాయ్? ఆ మూల పట్టు!"

ఇద్దరూ బీరువాను నెట్టారు. అది కదిలితేగా! గుమాస్తా సంచి గూట్లో పెట్టి, చొక్కా చేతులు మడిచి, వచ్చి భుజం ఆనించాడు.

"కాస్త ఎత్తి తొయ్యండమ్మా, నా నడుం పడిపోయేలా ఉంది. పొద్దుటి నుంచి ఈ వీధిలో ఇది నాలుగో బీరువా."