చేతిముద్ద

సువార్తమ్మ చింతపండు నానబెడుతుండగా వంటింటి గోడ తెర మీద జడ్జిగారు ప్రత్యక్షమయ్యారు. అప్పటికి కోర్టులే ఇళ్లకు వస్తున్నాయి, రాజోలు నుంచి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఆమె గబగబా చేతులు తుడుచుకుని నిలబడింది.

సముద్రం అవతలి దేశంలో ఆమె ఒక ముసలాయనకు సేవ చేసేది. అక్కడ ముసలివాళ్లకు యంత్రాలే తినిపించాలి, మనిషి చెయ్యి తగలకూడదు. ఆ చట్టం మీరితే మూడేళ్ల జైలు. ఆమె ఊరికి తిరిగొచ్చేశాక, చట్టం మీరిందంటూ ఆమెను తమకు అప్పగించమని ఆ దేశం అడిగింది.

“వారంటులో ఉన్న సువార్తమ్మవి నువ్వేనా అమ్మా?”

“ఆయ్, నేనేనండి.”

“యంత్రం ఆపావా?”

కాదనమని ఇరుగుపొరుగు నూరిపోశారు. అబద్ధమాడడానికి ఆమెకు నోరు రాలేదు.

“ఆపానండి. ఆ గొట్టం గంజికి ఆయన నాలుగు రోజులు నోరు తెరవలేదండి. పప్పన్నం కలిపి నా చేత్తో పెట్టానండి.”

ఆ దేశపు వకీలు కూడా తెర మీదికొచ్చి చట్టమంతా చదివాడు. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు.

“అక్కడా ఇక్కడా నేరమైతేనే మనిషిని అప్పగిస్తాం. అన్నం తినిపించడం మన దగ్గర ఏ సెక్షన్ కిందా నేరం కాదు. అప్పగించడం కుదరదు. కానీ అమ్మా, ఆ దేశంలో మళ్లీ అడుగుపెడితే పట్టుకుంటారు.”

“ఇంక వెళ్లనండి,” అంటూ సువార్తమ్మ పీట మీద కూలబడింది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

తీర్పు నమోదయ్యాక జడ్జిగారు కళ్లజోడు తీశారు.

“ఇంతకీ ఆయన తిన్నాడా అమ్మా?”

సువార్తమ్మ ముఖం విప్పారింది.

“తిన్నారండి. మారు కూడా అడిగారండి.”