పై పొరలో నిప్పు

ప్రొఫెసర్ గది తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో పన్నెండు కాగితాలు, అన్నీ చేత్తో రాసినవి.

"మీరు చూసి ఒక్క మాట రాస్తే సైన్సు పత్రికవాళ్లు చదువుతారు బాబూ," అంది.

ఆయనకు క్లాసు టైమవుతోంది. పైగా మరుగుజ్జు నక్షత్రాల విషయంలో ఆయన మాటే వేదం. ఇంధనం అయిపోయిన చిన్న నక్షత్రం పక్క నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటూ బరువెక్కుతుంది. సూర్యుడికి దాదాపు ఒకటిన్నర రెట్లయ్యాక కడుపులో నిప్పంటుకుని పేలిపోతుంది. పాతికేళ్లుగా ఆయన చెప్పే పాఠం ఇదే.

అంత బరువు అక్కర్లేదంది ఆవిడ. పైన పేరుకున్న హీలియం పొర ముందు అంటుకుంటే, ఆ అదురు లోపలికి దూసుకెళ్లి నడిమధ్యను నొక్కేస్తుందట. తేలిక నక్షత్రం కూడా పేలుతుందట.

ప్రొఫెసర్ పేజీ తిప్పలేదు. మొదటి కాగితం మీద యూనివర్సిటీ పేరు కోసం వెతికాడు. ఇంటి చిరునామా ఉంది.

"ఎక్కడ పనిచేస్తారమ్మా?"

"ఇప్పుడెక్కడా లేదు. ఇంట్లోనే."

"పొద్దుపోక వేసిన లెక్కలన్నమాట."

పక్కనున్న ఇద్దరు విద్యార్థులు కిసుక్కున నవ్వారు. దాంతో ఆయనకు ఇంకాస్త హుషారొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు నక్షత్రాలు పొంగవమ్మా అన్నాడు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. చివరి పేజీలో ఫోన్ నంబరుందని, తప్పెక్కడుందో చెప్పినా సంతోషమేనని చెప్పి వెళ్లిపోయింది. కాగితాలు బీరువా మీదికెక్కాయి.

ఏడు నెలల తర్వాత దూరాన ఒక మరుగుజ్జు నక్షత్రం పేలింది. టెలిస్కోపులన్నీ అటే తిరిగాయి. దాని బరువు సూర్యుడంత కూడా లేదని తేలింది. మొదటి రోజుల వెలుగులో పై పొర కాలిన ఆనవాలూ దొరికింది.

ప్రొఫెసర్ స్టూలేసుకుని కాగితాలు దించాడు. దుమ్ము దులిపి, నిలబడే చదివాడు. అన్నీ ఉన్నాయి. ఆ వెలుగు ఎన్నో రోజున తగ్గుతుందో కూడా ఉంది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఆవిడను పిలిచి ఆ విద్యార్థుల ముందే క్షమాపణ చెప్పుకోవాలని ఫోన్ చేశాడు. ఆవిడ కోడలు ఎత్తింది.

"అత్తయ్య పోయి మూడు నెలలైందండి."

ఆయన తన పేరు చెప్పుకున్నాడు.

"మీరేనా అండీ? వేరే ఎవరికైనా చూపిద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. మీరైతే పూర్తిగా చదువుతారనేవారు. మీ మొదటి వ్యాసం ఆవిడకి బాగా గుర్తు. అచ్చుకి ముందు పత్రిక తరఫున ఎవరు పరిశీలించారో రాసినవాళ్లకి చెప్పకూడదటగా, అందుకే మీకెప్పుడూ చెప్పలేదు."

అప్పట్లో ఏ పేరూ లేని ఒక కుర్రాడి ఆ మొదటి వ్యాసాన్ని రెండు పత్రికలు చదవకుండానే తిప్పి పంపితే, మూడో పత్రిక కోసం మూడు వారాలు కూర్చుని, ప్రతి లెక్కా తను మళ్లీ వేసి చూసి, అచ్చు వేయమని రాసింది ఆవిడే.